డెస్క్‌టాప్ మొరాయిస్తోందా? ఏ భాగం పోయిందో వరుసగా తేల్చుకునే పద్ధతి

కంప్యూటర్ ఆన్ కావడం లేదు, మధ్యలో ఆగిపోతోంది, నీలి తెర వస్తోంది అనగానే వినిపించే సలహా ఒక్కటే: ర్యామ్ (మెమరీ) మార్చి చూడండి, కాకపోతే ఎస్‌ఎంపీఎస్ (మెషీన్‌కు పవర్ ఇచ్చే డబ్బా) మార్చండి. ఇలా ఊహించి భాగాలు కొంటూ పోతే డబ్బు వదులుతుంది, లోపం మాత్రం అలాగే ఉండిపోతుంది.

మెషీన్ ఏ దశలో ఆగుతోందో సరిగ్గా గమనిస్తే అనుమానించాల్సిన భాగాలు రెండు మూడుకు మించవు. అక్కడి నుంచి ఒకసారికి ఒక్క మార్పే చేస్తూ ముందుకు వెళ్లాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

## 1. విప్పకముందే డేటా భద్రం చేసుకోండి

మెషీన్ ఇంకా బూట్ అవుతుంటే ముఖ్యమైన ఫైళ్లను ముందు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. పరీక్షలన్నీ ఆ తర్వాతే.

డిస్క్ మీదే అనుమానం ఉంటే విండోస్‌లోని చెక్ డిస్క్ ప్రోగ్రామ్ నడపకండి. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేయడానికే తప్ప డిస్క్‌ను బాగు చేయడానికి కాదు. పాడైన చోట్లను అది పదేపదే చదివిస్తుంది, మిగిలిన ఫైళ్లు కూడా చేజారిపోయే ప్రమాదం ఉంది.

మరో రెండు విషయాలు ఇప్పుడే రాసి పెట్టుకోండి:

- బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ. బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) సెట్టింగ్‌లు చెరిపినా, మదర్‌బోర్డు మార్చినా విండోస్ ఈ కీ అడగవచ్చు. 48 అంకెల ఆ కీ లేకపోతే డిస్క్ బాగానే ఉన్నా డేటా దక్కదు.
- బయోస్‌లో స్టోరేజ్ మోడ్. డిస్క్‌ను బోర్డు నడిపే పద్ధతి ఇది. ఏహెచ్‌సీఐ ఉందా, రెయిడ్ ఉందా చూడండి. రీసెట్ చేశాక ఇది మారిపోతే, అంతవరకూ బాగున్న విండోస్ కూడా ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటూ ఆగిపోతుంది. కొత్త లోపం వచ్చిందని చాలామంది కంగారు పడేది ఇక్కడే.

## 2. సిద్ధం చేసుకోవాల్సినవి

- స్టార్ స్క్రూడ్రైవర్
- డిజిటల్ మల్టీమీటర్
- కొత్త సీఆర్2032 సెల్ (మదర్‌బోర్డు మీద ఉండే గుండ్రటి బ్యాటరీ)
- 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ ఒకటి
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలుపోగులు రాలని బట్ట, మెత్తని బ్రష్
- థర్మల్ పేస్ట్
- మీ మదర్‌బోర్డు మోడల్‌కు చెందిన మాన్యువల్, ఫోన్‌లో
- ప్రతి మార్పు, దాని ఫలితం రాసుకోవడానికి ఒక కాగితం

లోపల చేయి పెట్టే ముందు షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, పవర్ కేబుల్ పీకేయండి. తర్వాత పవర్ బటన్‌ను 10 నుంచి 15 సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన ఛార్జ్ చాలావరకు పోతుంది. క్యాబినెట్‌లో రంగు వేయని లోహ భాగాన్ని తాకి, అప్పుడు పని మొదలుపెట్టండి. మధ్యమధ్యలో మళ్లీ తాకుతూ ఉండండి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా దానిలోని పెద్ద కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజ్ నిలిచి ఉండవచ్చు.

ఏ కేబుల్ తీసినా ముందు ఫొటో తీసుకోండి. ముఖ్యంగా పవర్ స్విచ్, రీసెట్, ఎల్ఈడీ సన్న వైర్లు ఎక్కడ గుచ్చి ఉన్నాయో.

## 3. ఎక్కడ ఆగుతోందో తేల్చుకోండి

మొత్తం పనిలో కీలకమైన దశ ఇదే. మీ మెషీన్ కింది వాటిలో దేనికి సరిపోతుందో చూడండి:

- బటన్ నొక్కితే ఏమీ జరగదు, లేదా ఫ్యాన్లు ఒక్క క్షణం తిరిగి ఆగిపోతాయి: 5వ భాగం
- ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద ఏమీ రాదు: 6వ భాగం
- నీలి తెరలు, ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, ఫైళ్లు పాడవడం: 7వ భాగం
- బయోస్ లోగో వస్తుంది, విండోస్ రాదు, లేదా చాలా నెమ్మదిగా వస్తుంది: 8వ భాగం
- గేమ్‌లోనో వీడియో ఎడిటింగ్‌లోనో ఆగుతుంది, మామూలు పనిలో బాగుంటుంది: 9, 10 భాగాలు

విండోస్ లోపమా, హార్డ్‌వేర్ లోపమా అన్న సందేహం ఉంటే రెండు తేలికైన పరీక్షలున్నాయి. మెషీన్‌ను బయోస్ తెర మీద అరగంట వదిలేయండి. అక్కడ కూడా ఆగిపోతే విండోస్‌కూ డ్రైవర్లకూ సంబంధం లేనట్టే. అక్కడ బాగుంటే లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్) బూట్ చేసి కొన్ని గంటలు వాడి చూడండి. అందులోనూ అదే బెడద వస్తే హార్డ్‌వేరే. లైనక్స్‌లో ఏ ఇబ్బందీ లేకపోతే విండోస్‌నో, అది ఉన్న డిస్క్‌నో అనుమానించాలి.

దీంతోపాటు, లోపం మొదలవడానికి కాస్త ముందు ఏం మారిందో గుర్తు తెచ్చుకోండి. కొత్త ర్యామ్, కొత్త కార్డు, బయోస్ అప్‌డేట్, మెషీన్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి జరపడం, వీటిలో ఏదైనా ఉంటే మొదటి తనిఖీ దానితోనే.

## 4. స్క్రూ విప్పకుండానే చూసుకోవాల్సినవి

- ప్లగ్‌ను యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ లేకుండా నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి.
- ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ‘ఒకటి’ వైపు ఉందా?
- మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు ఉందా, పొరపాటున మదర్‌బోర్డుకు ఉందా?
- మానిటర్‌లో ఎంచుకున్న ఇన్‌పుట్ సరైనదేనా? మరో కేబుల్‌తో చూశారా?
- కీబోర్డు తప్ప మిగతా యూఎస్‌బీ పరికరాలన్నీ తీసేసి చూశారా?
- ముందు వైపు యూఎస్‌బీ పోర్టుల్లో పిన్నులు వంగి ఒకదానికొకటి తగులుతున్నాయా?

## 5. అసలు పవర్ రావడం లేదు

ముందు బటన్‌నే అనుమానించండి. మదర్‌బోర్డు కింది అంచున పవర్ స్విచ్ వైర్లు గుచ్చే రెండు పిన్నులు ఉంటాయి, మాన్యువల్‌లో వాటి బొమ్మ ఉంటుంది. ఆ వైర్లు తీసేసి, ప్లగ్ పెట్టి స్విచ్ వేసి, రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. ఆన్ అయితే పోయింది క్యాబినెట్ బటన్ మాత్రమే. రీసెట్ బటన్ వైర్లను అక్కడ గుచ్చి వాడుకోవచ్చు.

ఆన్ కాకపోతే స్టాండ్‌బై వోల్టేజ్ చూడాలి. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టి, 24 పిన్నుల కనెక్టర్ బోర్డుకు ఉండగానే వెనక నుంచి ఊదా రంగు వైర్ (9వ పిన్) దగ్గర కొలవండి. నల్ల ప్రోబ్‌ను ఏదైనా నల్ల వైర్‌కు ఆనించండి. మెషీన్ ఆఫ్‌లో ఉన్నా ఇక్కడ 5 వోల్టులు ఉండాలి. లేకపోతే ప్లగ్ తీసి, కనెక్టర్‌ను బోర్డు నుంచి విడదీసి, ప్లగ్ పెట్టి మళ్లీ కొలవండి. అప్పుడూ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ పోయింది. తీశాక వచ్చిందంటే బోర్డులోనో, దానికి తగిలించిన వాటిలోనో షార్ట్ ఉంది.

తర్వాతది ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా ఆన్ చేసే పరీక్ష. ప్లగ్ తీసి, కేబుళ్లన్నీ అన్ని భాగాల నుంచీ విడదీసి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైర్‌ను (16వ పిన్) పక్కనే ఉన్న నల్ల వైర్‌తో (17వ పిన్) చిన్న తీగ ముక్కతో కలపండి. తీగ గట్టిగా కూర్చుందని చూశాకే ప్లగ్ పెట్టి స్విచ్ వేయండి. కొత్త మోడళ్లలో వైర్లన్నీ నల్లగానే ఉంటాయి. అప్పుడు రంగుతో పని లేదు, పిన్ నంబర్ల బొమ్మ చూసుకునే చేయాలి. కొన్ని కంపెనీ మెషీన్లలో కనెక్టర్ వేరే రకంగా ఉంటుంది, వాటి మీద ఈ పరీక్ష చేయకండి.

ఉండాల్సిన వోల్టేజీలు ఇవి:

- పసుపు వైర్: 12 వోల్టులు (11.4 నుంచి 12.6 వరకు ఫర్వాలేదు)
- ఎరుపు వైర్: 5 వోల్టులు (4.75 నుంచి 5.25)
- నారింజ వైర్: 3.3 వోల్టులు (3.14 నుంచి 3.47)
- బూడిద రంగు వైర్, 8వ పిన్: ఆన్ అయిన క్షణం తర్వాత సుమారు 5 వోల్టులు

ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగిందని అది బాగున్నట్టు కాదు, తిరగలేదని పోయినట్టూ కాదు. తక్కువ లోడ్‌లో ఫ్యాన్‌ను ఆపేసే మోడళ్లు చాలా ఉన్నాయి. పైగా లోడ్ లేనప్పుడు సరైన వోల్టేజ్ చూపించి, లోడ్ పడగానే చతికిలపడే ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ఉంటాయి. కొలతలు తప్పు వస్తే అది పోయిందని ఖాయంగా చెప్పవచ్చు. సరిగ్గా వచ్చాయంటే మాత్రం ఇంకా తేలనట్టే.

ఫ్యాన్లు ఒక్కసారి కదిలి ఆగిపోతుంటే షార్ట్ వెతకాలి. బోర్డు వెనక జారిపడిన స్క్రూ, అక్కర్లేని చోట బిగించిన స్టాండాఫ్ (బోర్డు కింద ఉండే చిన్న లోహపు కాలు), నలిగిన యూఎస్‌బీ పోర్టు మామూలు కారణాలు. ఒక్కొక్క భాగాన్నీ విడదీస్తూ చూడండి. దేన్ని తీసినప్పుడు నిలబడిందో అదే దోషి. ఏదీ దొరక్కపోతే బోర్డును క్యాబినెట్ నుంచి బయటకు తీసి, అట్టపెట్టె మీద పెట్టి ఆన్ చేయండి. అక్కడ పనిచేస్తే లోపం క్యాబినెట్‌ బిగింపులో ఉంది.

## 6. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది

బోర్డు మీద చిన్న ఎల్ఈడీలు ఉన్నాయేమో చూడండి. చాలా కొత్త బోర్డుల్లో సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు ఉంటాయి. ఆన్ కాగానే అవి వరుసగా వెలిగి ఆరిపోవాలి. ఏది ఆరకుండా నిలిచిపోయిందో ఆ దశలో చిక్కు ఉంది. ఎల్ఈడీలు లేకపోతే చిన్న స్పీకర్ తగిలించి బీప్‌లు లెక్కపెట్టండి. బీప్‌ల అర్థం బయోస్‌ను బట్టి మారుతుంది కాబట్టి మీ మాన్యువల్‌లోని పట్టికనే చూడండి.

డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) బోర్డుల విషయంలో ఓపిక కావాలి. కొత్త ర్యామ్ పెట్టినప్పుడు, బయోస్ రీసెట్ చేసినప్పుడు మెమరీ ట్రెయినింగ్‌కు (ఆ ర్యామ్‌కు తగ్గట్టు బోర్డు సర్దుకోవడానికి) కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. పావుగంట వరకు ఆగండి. మధ్యలో పవర్ తీసేస్తే అది మళ్లీ మొదటికొస్తుంది.

ఆ తర్వాత ఈ వరుసలో వెళ్లండి:

1. ప్రాసెసర్ పవర్ కనెక్టర్ చూడండి. బోర్డు పై మూలన ఉండే 4 లేదా 8 పిన్నులది. 24 పిన్నులది ఒక్కటే పెట్టి దీన్ని మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర రాదు.
2. మెషీన్‌ను కనీస భాగాలకు తగ్గించండి: బోర్డు, ప్రాసెసర్, దాని కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్, ఎస్‌ఎంపీఎస్. డిస్క్‌లు, అదనపు కార్డులు, ముందు ప్యానెల్ కేబుళ్లు అన్నీ తీసేయండి.
3. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంటే పెద్ద కార్డు కూడా తీసి, మానిటర్‌ను బోర్డుకు పెట్టండి. ఇంటెల్‌లో పేరు చివర ‘ఎఫ్’ ఉన్నవాటికి సొంత గ్రాఫిక్స్ ఉండదు. వాటికి కార్డు తప్పనిసరి.
4. ఆ ఒక్క స్టిక్‌నూ మాన్యువల్ చెప్పిన స్లాట్‌లో పెట్టండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో మామూలుగా అది ప్రాసెసర్ నుంచి రెండోది. క్లిప్ టక్కుమని పడేదాకా నొక్కండి. సగం కూర్చున్న ర్యామ్ పైకి చూస్తే సరిగ్గానే కనిపిస్తుంది.
5. తెర రాకపోతే మరో స్టిక్, తర్వాత మరో స్లాట్.
6. అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసి, సెల్ తీసి ఐదు నిమిషాలు ఆగండి, లేదా మాన్యువల్ చెప్పిన జంపర్‌తో (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) బయోస్ సెట్టింగ్‌లు చెరపండి. పాత సెల్ 2.7 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే కొత్తది వేయండి.

తెర వచ్చిందా? ఇప్పుడు తీసినవాటిని ఒక్కొక్కటిగా తగిలిస్తూ ప్రతిసారీ ఆన్ చేయండి. అన్నీ ఒకేసారి పెట్టేయాలన్న తొందరే ఈ దశను పాడుచేస్తుంది.

ర్యామ్ అంచుల మీద మరకలుంటే ఆల్కహాల్ తడిపిన బట్టతో తుడవండి. రబ్బరుతో రుద్దడం అలవాటున్నవారు మెత్తని తెల్ల రబ్బరుతో, తేలిగ్గా మాత్రమే రుద్దాలి. గరుకు రబ్బరు బంగారు పూతను లేపేస్తుంది. రాలిన పొడి స్లాట్‌లో పడకూడదు.

## 7. ర్యామ్‌ను నిజంగా పరీక్షించడం

పాడైన ర్యామ్ ఏదో ఒక రకంగానే బయటపడదు. ఒకరోజు ‘మెమరీ మేనేజ్‌మెంట్’ నీలి తెర, మరోరోజు బ్రౌజర్ మూతపడటం, ఇంకోరోజు జిప్ ఫైల్ తెరుచుకోకపోవడం. ఎర్రర్ ప్రతిసారీ మారుతుంటే ముందుగా చూడాల్సింది ర్యామ్‌నే.

మెమ్‌టెస్ట్86 లేదా మెమ్‌టెస్ట్86+ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దానితో బూట్ చేయండి. కనీసం నాలుగు పాస్‌లు (పరీక్ష మొత్తం ఒకసారి నడిస్తే ఒక పాస్) పూర్తి కానివ్వండి. ర్యామ్ ఎక్కువుంటే గంటలు పడుతుంది కాబట్టి రాత్రంతా వదిలేయడం మేలు. విండోస్‌లోని సొంత మెమరీ పరీక్ష పైపైన చూస్తుంది. అది ‘లోపాలు లేవు’ అన్నంత మాత్రాన వదిలేయకండి.

ఒక్క ఎర్రర్ వచ్చినా ఎర్రరే. ‘రెండే కదా’ అని సరిపెట్టుకునే విషయం కాదిది. ఎర్రర్ వస్తే ఇలా వెళ్లండి:

- బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆపేసి మళ్లీ పరీక్షించండి. ఎర్రర్లు పోతే స్టిక్ పోయిందని అప్పుడే అనకండి, ఆ వేగాన్ని బోర్డో ప్రాసెసరో మోయలేకపోతోంది.
- పోకపోతే ఒక్కో స్టిక్‌ను ఒకే స్లాట్‌లో విడివిడిగా పరీక్షించండి. ఒకదానితోనే ఎర్రర్ వస్తే ఆ స్టిక్ పోయింది.
- అన్ని స్టిక్‌లతోనూ అదే స్లాట్‌లోనే వస్తే స్లాట్‌నో, ప్రాసెసర్ సాకెట్‌నో అనుమానించాలి.
- విడివిడిగా బాగుండి, కలిపితే ఎర్రర్ వస్తే అవి జతగా అమ్మిన స్టిక్‌లేనా చూడండి.

## 8. డిస్క్

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌తో స్మార్ట్ విలువలు (తన ఆరోగ్యం గురించి డిస్క్ తానే రాసుకునే లెక్కలు) చూడండి. పైన ‘గుడ్’ అని ఉన్నదాన్ని చూసి ఆగిపోకుండా, సేటా డిస్క్ (సాధారణంగా సన్న కేబుల్‌తో బోర్డుకు తగిలించేది) అయితే ఈ వరుసలు చదవండి. కుండలీకరణాల్లోవి ఆ ప్రోగ్రామ్ చూపే నంబర్లు:

- 5 (05): పాడై, వేరే చోటికి మార్చిన సెక్టార్లు. పెరుగుతూ పోతే డిస్క్ మార్చాల్సిందే.
- 197 (సీ5): చదవలేక వాయిదాలో ఉన్న సెక్టార్లు. సున్నా కాకపోతే వెంటనే బ్యాకప్.
- 198 (సీ6): సరిచేయలేని సెక్టార్లు.
- 199 (సీ7): డేటా దారిలో పొరపాట్లు. ఇది డిస్క్ కంటే ఎక్కువగా సేటా కేబుల్ తప్పు. కేబుల్ మార్చండి. పాత లెక్క చెరిగిపోదు, కొత్తగా పెరగకుండా ఉంటే చాలు.

ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీలలో (బోర్డు స్లాట్‌లో నేరుగా బిగించేవి) ‘పర్సెంటేజ్ యూజ్డ్’ (అరిగిన శాతం), ‘అవైలబుల్ స్పేర్’ (మిగిలిన అదనపు చోటు), ‘మీడియా ఎర్రర్స్’ చూడాలి. ఇవన్నీ బాగున్నా కంట్రోలర్ దెబ్బతిని ఎస్‌ఎస్‌డీ ఒక్కసారిగా మాయం కావచ్చు. బయోస్‌లో ఒకసారి కనిపించి మరోసారి కనిపించకపోతే, తీసి మళ్లీ బిగించి, వేరే స్లాట్‌లో పెట్టి చూడండి.

హార్డ్ డిస్క్ లయగా టక్ టక్‌మంటుంటే పరీక్షలు మానేసి పవర్ ఆపేయండి. అందులో బ్యాకప్ లేని విలువైన డేటా ఉంటే మళ్లీ ఆన్ చేయకుండా డేటా రికవరీ నిపుణులకు ఇవ్వడమే దారి.

## 9. వేడి

హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత తెరిచి ఉంచి, ప్రైమ్95 లేదా ఓసీసీటీ అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో లోడ్ ఇవ్వండి. మామూలుగా ఖాళీగా ఉన్నప్పుడు 30 నుంచి 50 డిగ్రీలు ఉంటుంది.

గరిష్ఠ అంకె ఒక్కటే చూసి భయపడకండి. ఏఎమ్‌డీ రైజెన్ 7000 శ్రేణి పెద్ద ప్రాసెసర్లు భారీ లోడ్‌లో 95 డిగ్రీల వరకు వెళ్లేలానే తయారయ్యాయి. చూడాల్సింది ఎంత వేగంగా పెరిగిందన్నది. లోడ్ మొదలైన రెండు మూడు సెకన్లలోనే 90 దాటిపోతే కూలర్ ప్రాసెసర్‌కు సరిగ్గా ఆనడం లేదు, లేదా లిక్విడ్ కూలర్ పంపు తిరగడం లేదు. నిదానంగా పెరుగుతూ పదిహేను నిమిషాలకు చేరితే దుమ్ము, గాలి ఆడకపోవడం కారణం. క్యాబినెట్ పక్క తలుపు తీసి మళ్లీ పరీక్షించండి. బాగా తగ్గితే గాలి దారిదే లోపం.

కూలర్ తీస్తే పాత పేస్ట్‌ను ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. స్క్రూలను ఎదురెదురు మూలల క్రమంలో కొద్దికొద్దిగా బిగించండి. కూలర్ అడుగున పారదర్శక ప్లాస్టిక్ పొర మిగిలి ఉందేమో ఒకసారి చూడండి.

ఏఎమ్4 (ఏఎమ్‌డీ ప్రాసెసర్ల సాకెట్ రకం) బోర్డుల్లో కూలర్‌ను నిటారుగా లాగకండి. పేస్ట్ గట్టిపడి ఉంటే ప్రాసెసర్ కూడా దాంతోపాటే ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి. కాసేపు నడిపి వెచ్చబడ్డాక ఆపి, అటూ ఇటూ తిప్పుతూ తీయండి.

దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి. గాలి వేగానికి అడ్డూ అదుపూ లేకుండా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది.

## 10. లోడ్ పడితేనే ఆగుతోంది

ఉష్ణోగ్రతలు బాగున్నా గేమ్ మొదలవగానే రీస్టార్ట్ అవుతుంటే అనుమానం ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డుల మధ్యకు వస్తుంది. విడదీసే పద్ధతి ఇది: ముందు ప్రాసెసర్‌కు మాత్రమే లోడ్ ఇవ్వండి, తర్వాత ఫర్‌మార్క్ అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో కార్డుకు మాత్రమే, చివరికి రెండింటికీ కలిపి. విడివిడిగా నిలబడి, కలిపితే పడిపోతే ఎస్‌ఎంపీఎస్ శక్తి చాలడం లేదు. కార్డు పరీక్షలోనే తెర మీద చుక్కలు, గళ్లు, రంగు చారలు వస్తే కార్డు మెమరీనే అనుమానించాలి. అవి బయోస్ తెర మీద కూడా కనిపిస్తే డ్రైవర్‌ను నిందించి లాభం లేదు.

కార్డు పవర్ కేబుళ్లు చూడండి. 6 పిన్నులది 75 వాట్లకు, 8 పిన్నులది 150 వాట్లకు ఉద్దేశించింది. పెద్ద కార్డుకు రెండు 8 పిన్నుల సాకెట్లుంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు తేవడం మంచిది. 12 వోల్టుల 16 పిన్నుల కొత్త కనెక్టర్ అయితే చివరిదాకా దిగాలి. కొద్దిగా బయటకు ఉన్నా వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది.

## 11. విండోస్ లాగ్‌లను సరిగ్గా చదవడం

విండోస్ లాగ్‌లు చూపే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ కనిపించగానే ఎస్‌ఎంపీఎస్ పోయిందనుకోవడం చాలా సాధారణమైన పొరపాటు. మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం. బటన్ నొక్కి పట్టి ఆపినా అదే వస్తుంది.

పనికొచ్చేది ‘డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్’ ఎంట్రీలు. హార్డ్‌వేర్ స్వయంగా చెప్పిన పొరపాట్లవి. ప్రాసెసర్ కోర్ అని ఉంటే ఓవర్‌క్లాక్, వోల్టేజ్ మార్పులు, ఎక్స్‌ఎంపీ అన్నీ ఆపి చూడండి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ అని ఉంటే కార్డును, ఎస్‌ఎస్‌డీని తీసి మళ్లీ బిగించండి, రైజర్ కేబుల్ (కార్డును స్లాట్‌కు కలిపే పొడిగింపు కేబుల్) ఉంటే పక్కన పెట్టండి.

## 12. మిగిలింది బోర్డు లేదా ప్రాసెసర్

పైవన్నీ దాటాకే ఇక్కడికి రావాలి. బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బాయా, కాలిన మరకలున్నాయా, సాకెట్‌లో పిన్నులు వంగాయా టార్చ్ వెలుగులో పక్క నుంచి చూడండి. ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. వేలు తగిలినా వంగుతాయి. వంగిన పిన్నులుంటే వారంటీ దొరకడం కష్టం కాబట్టి పంపేముందు ఫొటోలు తీసి, సాకెట్ మీద ప్లాస్టిక్ మూత పెట్టండి.

ప్రాసెసర్లు పోవడం తక్కువే, కానీ ఒక మినహాయింపు ఉంది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 65 వాట్లు, అంతకు పైబడినవి అధిక వోల్టేజ్ వల్ల క్రమంగా దెబ్బతింటున్నట్టు 2024లో ఆ సంస్థే ఒప్పుకుని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది. గేమ్‌లు వీడియో మెమరీ చాలదనడం, పెద్ద ఇన్‌స్టాలర్లు విప్పుకునేటప్పుడు పాడవడం దాని లక్షణాలు. సవరణ బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది. అది ఇకపై దెబ్బతినకుండా ఆపుతుందే కానీ ఇప్పటికే దెబ్బతిన్నదాన్ని బాగు చేయదు. పెట్టెతో కొన్న ఈ ప్రాసెసర్లకు వారంటీని రెండేళ్లు పొడిగించారు కాబట్టి కొత్తది కొనేముందు అది అడగండి.

ఏ భాగం మార్చినా లోపం వచ్చిన పనినే మళ్లీ చేయించి చూడండి. గంట ఆడాక ఆగే మెషీన్‌ను పది నిమిషాలు పరీక్షించి క్యాబినెట్ బిగించేయకండి, కనీసం మూడు గంటలైనా అదే లోడ్‌లో ఉంచండి. పాత భాగాన్ని ఆ పరీక్ష ముగిసేదాకా పారేయకండి.